చివరి సెమిస్టర్‌లో వచ్చిన అర్జీ

(వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సమయంలో ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం అన్న లెక్క చదువుతాం. ఆ లెక్క ఇదే సంచికలో వేరే పేజీల్లో ఆడిటర్ గారి సంతకంతో ఉంది కాబట్టి మళ్లీ చదవం. మాకిచ్చిన ఈ కాస్త సమయంలో లెక్కకు ఎక్కని ఒక సంగతి మనవి చేసుకుంటాం. అది మా కమిటీ చేసిన పొరపాటు. దాన్ని దిద్దుకోవడానికి ఒక నిబంధన మార్చాం. ఎందుకు మార్చామో తెలుసుకునే హక్కు సొమ్ము ఇచ్చిన మీకు ఉంది.

మూడేళ్ల కింద, జనవరి నెలలో, ఒక అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. బి.కాం. ఆఖరి సంవత్సరం. ఐదో సెమిస్టర్ పరీక్షలు రాసేసింది. ఆరో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ ఒక ఆడిటర్ ఆఫీసులో మొదలైంది. తండ్రి గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. తల్లి సీజన్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. మొదటి ఏడాది నుంచి ఆ అమ్మాయి ఫీజులో సగం మన సొసైటీయే కడుతోంది. ఆమె అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాం. పేరు మాత్రం చెప్పం.

అర్జీలో రెండే వాక్యాలు. బి.కాం. మానేసి జి.ఎన్.ఎం. నర్సింగ్‌లో చేరాలనుకుంటున్నానని ఒకటి. దానికి సహాయం చేయమని రెండోది.

మాలో ఒక పెద్దాయన చదివి కళ్లజోడు తీసి, "బేటీ, అన్నం ఉడికి దించే వేళకు పొయ్యి ఆర్పుకుంటారా ఎవరైనా?" అన్నారు. అందరం నవ్వాం. ఆ అమ్మాయి నవ్వలేదు.

ఆమె చెప్పింది ఇది. వాళ్ల నానీకి షుగర్. కాలికి పుండు పడి ముదిరితే పెద్దాసుపత్రిలో చేర్చారు. తల్లి పనికి పోవాలి, తమ్ముళ్లు చిన్నవాళ్లు. అందుకని 19 రోజులు ఈ అమ్మాయే నానీ మంచం పక్కన ఉంది. నానీకి ఇంట్లో మాట్లాడే ఉర్దూ తప్ప మరో భాష రాదు. వార్డులో సిస్టర్‌కు ఉర్దూ రాదు. నొప్పి ఎక్కడుందో, రాత్రి మందు వేసుకుందో లేదో, పొద్దున ఏమీ తినకుండా రక్తం ఎందుకు తీస్తున్నారో, అటు మాట ఇటు, ఇటు మాట అటు ఈ అమ్మాయే చెప్పింది. రెండు రోజుల్లో పక్క మంచాల వాళ్లు కూడా ఆమెనే పిలవడం మొదలుపెట్టారు. ఇంటికి పంపేముందు సిస్టర్ ఆమెకు ఇన్సులిన్ ఎలా తీయాలో, ఒకే చోట కాకుండా చోటు మార్చి ఎలా ఇవ్వాలో దగ్గరుండి నేర్పించింది.

"చాచా, ఆ 19 రోజులు నేను ఎవరికో పనికొచ్చానని నాకు తెలిసింది. ఆడిటర్ ఆఫీసులో వోచర్లు ఎక్కిస్తుంటే అలా అనిపించడం లేదు" అంది.

మేం మా నిబంధనల కాగితం తీశాం. అందులో, కోర్సు మధ్యలో మానేసిన వారికి సహాయం ఆగిపోతుందని ఉంది. ఆ నిబంధన ఊరికే పెట్టింది కాదు. దాతల సొమ్ముతో చేరి, నచ్చలేదని మారి, మళ్లీ మారిన పిల్లలు కొందరున్నారు. వాళ్లను చూసి పెట్టుకున్నాం. "ముందు డిగ్రీ పూర్తి చెయ్యి బేటీ, తర్వాత చూద్దాం" అని పంపించాం. పెద్దవాళ్ల మాట విన్నది. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైంది.

నర్సింగ్ అడ్మిషన్ల సమయానికి మళ్లీ వచ్చింది. మేం మళ్లీ కాగితం తీశాం. దాని కింది వరుసలో, ఒక విద్యార్థికి ఒకే కోర్సుకు సహాయం అని ఉంది. ఆమెకు బి.కాం.కు ఇచ్చేశాం. కాబట్టి ఇక లేదన్నాం.

మానేస్తే ఇవ్వం అని జనవరిలో చెప్పింది మేమే. పూర్తి చేశావు కాబట్టి ఇవ్వం అని ఆ తర్వాత చెప్పిందీ మేమే. మా నోటితో మేం చెప్పిన రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

ఆ ఏడాదంతా ఆమె ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ మీద కూర్చుంది. మర్నాడు అడ్మిషన్ల నోటిఫికేషన్ వచ్చే రోజుల్లో మూడోసారి వచ్చింది. ఈసారి బ్యాంకు పాసుబుక్కు తెచ్చింది. జీతంలో ఇంటికి ఇచ్చింది పోను మిగిల్చిన డబ్బు చూపించింది. మొదటి ఏడాది ఖర్చులో దాదాపు సగం ఉంది. "దానం అడగడం లేదు చాచా, మిగతా సగం కర్జె హసనా ఇవ్వండి. ఉద్యోగం వచ్చాక తీరుస్తాను" అంది.

ఆరోజు మా గదిలో ఎవరూ పొయ్యి సామెత చెప్పలేదు.

అప్పుడు చేయవలసిన పని మొదలుపెట్టాం. నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరైన ఒక అమ్మగారి దగ్గర, ఒక నర్సింగ్ స్కూలు ప్రిన్సిపాల్ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాం. ఆ రోజు ఆ అమ్మాయితో మాట్లాడేముందే మేం తెలుసుకోవలసిన సంగతులు ఇవి. మీ ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలు ఉండొచ్చు కాబట్టి వివరంగా చెబుతాం.

మొదటిది, ఇక్కడ తలుపు తెరిచేది డిగ్రీ కాదు, ఇంటర్ గ్రూపు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బి.ఎస్సీ. నర్సింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లిష్ ఉండాలి. అంటే బైపీసీ. అది నాలుగేళ్ల చదువు. జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, మనం జి.ఎన్.ఎం. అనేది, మూడేళ్ల డిప్లొమా. దీనికి ఏ గ్రూపు చదివినవారైనా అర్హులే. మొత్తం మీద, ఇంగ్లిష్‌లో కూడా 40 శాతం మార్కులు ఉండాలి. వయసు 17 నిండి 35 దాటకూడదు. మన అమ్మాయి సీఈసీ. అందుకే ఆమె జి.ఎన్.ఎం. అని రాసింది. మాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. జి.ఎన్.ఎం. పూర్తి చేసినవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ చదివి బి.ఎస్సీ. నర్సింగ్ డిగ్రీ కూడా తెచ్చుకోవచ్చు. ఆ దారి మూసుకుపోదు.

రెండోది, మన దేశంలో పాత డిగ్రీ వల్ల నర్సింగ్ చదువు ఒక్క నెల కూడా తగ్గదు. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవారికి ఏడాది, ఏడాదిన్నరలో పూర్తయ్యే నర్సింగ్ కోర్సులున్నాయి. ఇక్కడ అలాంటివి లేవు. బి.కాం. చదివి వచ్చినా, ఇంటర్ నుంచి నేరుగా వచ్చినా అందరూ మొదటి ఏడాది అనాటమీ దగ్గరే మొదలుపెట్టాలి. చదువు, పరీక్షలు ఇంగ్లిష్‌లోనే.

మూడోది దాతలు ముఖ్యంగా గమనించవలసింది. మనకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లున్నాయి, ఇంకా మనమెందుకని కొందరు అడుగుతుంటారు. కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో చాలాకాలంగా ఒక షరతు ఉంది. ఒక స్థాయి చదువు పాసైనవారు అదే స్థాయిలో మరో చదువు చదివితే స్కాలర్‌షిప్‌కు అర్హులు కారు. అంటే మొదటి చదువుకు ప్రభుత్వం చెయ్యి పట్టుకుంటుంది. రెండోసారి మొదలుపెట్టేవాళ్లకు ఆ చెయ్యి అందడం కష్టం. ధర్మసంస్థ అవసరం సరిగ్గా అక్కడే ఉంది. మేం కూడా ప్రభుత్వ నిబంధననే కాపీ కొట్టి కూర్చున్నాం.

ఇక అందరూ అడిగే ప్రశ్న. డిగ్రీ చివర్లో ఉన్న పిల్ల నర్సింగ్‌కు పోతానంటే, పూర్తి చేసి పొమ్మనాలా, వెంటనే పొమ్మనాలా?

ఒక్క సెమిస్టర్ మిగిలి ఉంటే పూర్తి చేసి పొమ్మనే మేం చెబుతాం. మొదటిసారి మేం ఇచ్చిన ఆ సలహా తప్పు కాదు. డిగ్రీ పరీక్షలు ఎండాకాలంలో అయిపోతాయి. నర్సింగ్ అడ్మిషన్లు మామూలుగా ఆ తర్వాతే జరుగుతాయి. కాబట్టి జనవరిలో మానేసినంత మాత్రాన ఏమీ కలిసిరాదు. ఏదైనా డిగ్రీ ఉంటే చాలనే పోటీ పరీక్షలు చాలా ఉన్నాయి. రేపు ఆరోగ్యం సహకరించకో, మరో కారణం వల్లో నర్సింగ్ సాగకపోతే, ఆ కాగితం చేతిలో ఉంటుంది. పైగా మూడేళ్లు కష్టపడిన పిల్ల చివరి మెట్టు మీద ఆగిపోతే, అది మనసులో ముల్లులా ఉండిపోతుంది.

కానీ ఇంకా ఏడాదిన్నర, రెండేళ్లు మిగిలి ఉంటే, సబ్జెక్టులు వరసగా తప్పుతూ ఉంటే, వయసు దాటిపోయేలా ఉంటే, ఆ పిల్లను డిగ్రీ పేరుతో పట్టి ఉంచడం మేలు కాదు. ప్రతి ఇల్లూ ఒకటి కాదు. కూర్చోబెట్టి అడిగి చూడాలి.

మా సలహా సరైనదే, తప్పు మా చేతిది. పూర్తి చెయ్యమన్నవాళ్లం, పూర్తి చేశాక చెయ్యి అందించాలి. అందించలేదు.

ఒకరి జీవితం ఇక్కడ గుర్తుకొస్తుంది. సిసిలీ సాండర్స్ అనే ఆమె 1938లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో రాజనీతి, తత్వం, ఆర్థికశాస్త్రం చదవడానికి చేరింది. మరుసటి ఏడే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో చదువు మధ్యలో ఆపి, లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రికి చెందిన నైటింగేల్ స్కూల్లో నర్సింగ్‌కు వెళ్లింది. నడుంనొప్పి వల్ల నర్సు ఉద్యోగంలో నిలవలేకపోయింది. తిరిగి వెళ్లి డిగ్రీ పూర్తి చేసి, ఆసుపత్రిలో రోగుల ఇంటి కష్టసుఖాలు కనుక్కునే ఉద్యోగంలో చేరింది. ఆ తర్వాత డాక్టర్ చదువు చదివి 1957లో పట్టా పొందింది. నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవారికి నొప్పి లేకుండా చూసే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను 1967లో స్థాపించింది. ఈనాడు ప్రపంచమంతా చెప్పుకునే హాస్పిస్ సేవకు దారి వేసింది ఆమే. దారి మార్చిన ప్రతిసారీ ఆమె వెనకటి చదువు వృథా కాలేదు.

మన చరిత్రలోనూ ఈ సేవకు పెద్ద పేరే ఉంది. ప్రవక్త (స) కాలంలో మదీనాలో అస్లమ్ తెగకు చెందిన రుఫైదా (ర) గాయపడినవారికి సేవ చేసేవారు. కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (ర)ను మస్జిద్ ఆవరణలో ఆమె గుడారంలోనే ఉంచారు. ఢిల్లీలో హకీమ్ అబ్దుల్ హమీద్ సాహెబ్ నెలకొల్పిన జామియా హమ్‌దర్ద్‌లో నర్సింగ్ కాలేజీకి ఆమె పేరే పెట్టారు. అంతటి పేరున్న సేవ గురించి మన పెళ్లిళ్లలో, విందుల్లో మాట్లాడేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తాం. ఆ మాటలు కూడా ఇక్కడే చెప్పుకుందాం.

"నర్సంటే ఆయా పనే కదా" అంటారు. కాదు. మూడేళ్లో నాలుగేళ్లో చదివి, పరీక్షలు పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవారే నర్సు. డాక్టర్ రాసిన మందు సరైన మోతాదులో, సరైన వేళకు, సరైన మనిషికి అందిందా అని చూసేది ఆమే. రాత్రి రెండింటికి రోగి ఊపిరిలో తేడా వస్తే ముందు గమనించేది ఆమే.

"నైట్ డ్యూటీ" అంటారు. ఉంటుంది. దాచం. రోగం రాత్రి పడుకోదు. చేరబోయే పిల్లకు, తల్లిదండ్రులకు ఆ మాట ముందే చెబుతాం. హాస్టల్ ఆసుపత్రి ఆవరణలోనే ఉందా, డ్యూటీకి రాకపోకలు ఎలా అని చూసే స్కూలు ఎంచుకుంటాం.

"మగ రోగులను తాకాలి" అంటారు. మన తల్లులకు, చెల్లెళ్లకు ఆడ నర్సు కావాలని ఆసుపత్రిలో మనమే పట్టుబడతాం. ఆ నర్సు ఎవరో ఒకరి ఇంటి నుంచి రావాలి కదా? అవసరం వేళ వైద్యసేవకు సంబంధించిన మసాయిల్ మీద సందేహం ఉన్నవారు ఆలిమ్‌లను అడగండి. మేమూ అడిగాం, అడిగిన తర్వాతే ముందుకు వెళ్లాం. యూనిఫారంతో తలకు స్కార్ఫ్ విషయంలో ఒక్కో సంస్థ పద్ధతి ఒక్కోలా ఉంటుంది. చేరకముందే అడిగి తేల్చుకోవడం మంచిది. చేరాక గొడవపడితే నష్టపోయేది పిల్లే.

"పెళ్లి సంబంధాలు రావు" అంటారు. దీనికి మా దగ్గర లెక్కలు లేవు. ఒక్కటి చెప్పగలం. ఈ మాట అనేది సంబంధాలు చూసే మనమే. మనం మానేస్తే ఆ మాట పోతుంది.

"జీతాలు తక్కువ" అంటారు. ఇది నిజం. చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం చూస్తే బాధ కలుగుతుంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన నిపుణుల కమిటీ, 200 పడకలు మించిన ప్రైవేటు ఆసుపత్రులు నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 పడకలలోపు చిన్న ఆసుపత్రుల్లో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. అది అన్నిచోట్లా అమలు కావడం లేదు. అందుకే చదువు పూర్తవగానే సహాయం ఆపకూడదు. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్‌సెట్‌కు జి.ఎన్.ఎం. వారు రాయాలంటే 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఆ రెండేళ్లు ఎక్కడ పనిచేయాలో, పరీక్షకు ఎలా తయారు కావాలో చెప్పేవాళ్లు కావాలి. గల్ఫ్‌కు వెళ్లాలనుకునేవారు ఏజెంట్ల చేతిలో పడకుండా తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారా వెళ్లేలా చూడాలి.

అవసరం మాత్రం ఎక్కడికీ పోదు. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని చెప్పింది. కరోనా వార్డుల్లో మన బంధువులకు చివరి గుక్కెడు నీళ్లు ఎవరు తాగించారో మనకు తెలుసు.

ఇప్పుడు మాకు నచ్చని ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే నిజమవుతుంది. నిబంధన మార్చిన తొలి ఏడాది మేం ఉత్సాహంగా ఇంకో అమ్మాయిని కూడా పంపాం. బి.ఎస్సీ. ఆఖర్లో ఉంది, నర్సింగ్ అంటే ఇష్టమంది. చేరిన మూడు నెలలకు తిరిగి వచ్చేసింది. రక్తం చూస్తే కళ్లు తిరిగేవి, అది మెల్లగా అలవాటయ్యేదేమో. కానీ అసలు కారణం అది కాదు. ఆమె నర్సింగ్ కోరుకోలేదు, ఇంట్లో చూస్తున్న ఒక సంబంధం తప్పించుకోవడానికి హాస్టల్ కోరుకుంది. తప్పు ఆమెది కాదు. మేం సరిగా అడగలేదు. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. అది మీ సొమ్ము. అందుకు క్షమాపణ చెప్పుకుంటున్నాం.

ఈ రెండు అనుభవాల తర్వాత కమిటీ ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయాలు మీ ముందు పెడుతున్నాం.

ఒకటి: ఒక విద్యార్థికి ఒకే కోర్సు అన్న నిబంధన తీసేశాం. వైద్యసేవకు సంబంధించిన చదువుల్లోకి మారేవారికి ఒక్కసారి మారే అవకాశం ఉంటుంది. రెండోసారి ఉండదు.

రెండు: అర్జీ పెట్టిన పిల్లలు చేరకముందు కనీసం రెండు వారాలు ఏదైనా ఆసుపత్రిలో, అక్కడివారి అనుమతితో, నర్సుల పని దగ్గరుండి చూడాలి. అందులో ఒక్క రాత్రి అయినా ఉండాలి. తర్వాత మన సంఘంలోని ఆడవాళ్లు ఇద్దరు, మగవాళ్లు లేకుండా, ఆ పిల్లతో మాట్లాడతారు. మాకు చెప్పలేనిది వాళ్లకు చెబుతుంది.

మూడు: డిగ్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నవారికి పరీక్షలయ్యాక, ఎండాకాలం సెలవుల్లో ఇంగ్లిష్, ప్రాథమిక బయాలజీ చెప్పిస్తాం. సీఈసీ, హెచ్ఈసీ నుంచి వచ్చిన పిల్లలు మొదటి ఏడాది తడబడేది అక్కడే.

నాలుగు: ఏ స్కూలైనా కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో మేమే కాగితాలు చూసిన తర్వాతే డబ్బు కడతాం. సీటు ఇప్పిస్తానని ఏజెంట్ చెప్పాడంటే సొసైటీ రూపాయి ఇవ్వదు. సర్టిఫికెట్లు ఇస్తే రసీదు తీసుకోమని పిల్లలకు చెబుతాం. కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా మానేస్తానంటే టి.సి. ఇవ్వడానికి కాళ్లరిగేలా తిప్పే కాలేజీలున్నాయి. అలాంటప్పుడు పిల్లతో పాటు మేం వెళ్లి మాట్లాడతాం.

ఐదు: సహాయం జకాత్ నిధి నుంచా, సాధారణ సదఖా నిధి నుంచా అన్నది ఇంటి పరిస్థితి చూసి, ఉలమాల సలహాతో నిర్ణయిస్తాం. రెండు నిధుల లెక్కలు ఇప్పటిలాగే వేరువేరుగా ఉంటాయి.

దాతలకు మా విన్నపం ఒక్కటే. మనకు ఏటా రమజాన్‌లో చందా ఎక్కువ వస్తుంది. మరుసటి ఏడు ఎంత వస్తుందో తెలియదు. నర్సింగ్‌లో చేరిన పిల్లకు ఒక ఏడాది ఫీజు ఇచ్చి రెండో ఏడాది చేతులెత్తేస్తే, అసలు ఇవ్వకపోవడం కంటే అన్యాయం. ఆమె అప్పటికే ఒక దారి వదిలి వచ్చింది. వెనక్కి పోవడానికి ఇంకో దారి లేదు. అందుకని మూడేళ్లకూ మాట ఇవ్వగల దాతలు కావాలి. ఒక్కరే మోయలేకపోతే నలుగురు కలిసి ఒక విద్యార్థిని తీసుకోండి. ఖర్చంటే ఫీజు ఒక్కటే కాదు. హాస్టల్, మెస్సు, రెండు జతల యూనిఫారాలు, తెల్ల బూట్లు, సెకన్ల ముల్లున్న చేతి గడియారం, పుస్తకాలు, పరీక్ష ఫీజు, చివర్లో కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఒక పిల్ల మొదటి నెలలో గడియారం లేక నాడి లెక్కపెట్టడానికి పక్కపిల్ల చెయ్యి చూసుకునేది. అలాంటి చిన్న సంగతులు మన దాకా రావు. అడిగి తెలుసుకోవాలి.

డబ్బు ఇవ్వలేనివారు కూడా చేయగలిగింది ఉంది. మీలో నర్సులున్నారు, నర్సుల తల్లిదండ్రులున్నారు. నైట్ డ్యూటీకి పోయే కూతురిని బండి మీద దించి వచ్చే తండ్రులున్నారు. ఈ పిల్లల ఇళ్లకు మాతో పాటు ఒక్కసారి రండి. మేం గంటసేపు చెప్పేదానికంటే మీరు ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పే రెండు మాటలు ఎక్కువ పనిచేస్తాయి.

చివరగా ఆ మొదటి అమ్మాయి సంగతి. ఆమె ఇప్పుడు జి.ఎన్.ఎం. రెండో ఏడాదిలో ఉంది. మేం సాయంగా ఇస్తామన్నా ఒప్పుకోలేదు. కర్జె హసనా అనే రాయించుకుంది. బి.కాం. చదువు ఏమైందంటారా? హాస్టల్లో మెస్సు లెక్కలు ఆమే రాస్తోంది. నెలాఖరుకు పైసాతో సహా కలుస్తున్నాయట. పోయిన సెలవుల్లో ఆమె తండ్రి మా ఆఫీసుకు వచ్చి, పెద్దాసుపత్రి వార్డులో తన కూతురు ఒక ముసలమ్మతో ఉర్దూలో మాట్లాడి మందు వేయించడం చూశానని చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు. టీ తాగి యార్డుకు వెళ్లిపోయాడు.

ఆమె ఇప్పటికి మూడో ఏడాదిలో ఉండవలసింది. బట్టల షాపు కౌంటర్ మీద కూర్చున్న ఆ ఏడాది ఆడిటర్ గారు చూసిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఖర్చు కింద రాయలేం, మిగులు కింద అంతకంటే రాయలేం. అది మేం ఆమెకు బాకీ. ఆమె మనకు బాకీ ఉన్నది తీర్చేస్తుంది. మేం తీర్చుకునే మార్గం ఒక్కటే. ఆమె తర్వాత వచ్చే పిల్లల్లో ఎవ్వరికీ అలాంటి ఏడాది రాకుండా చూసుకోవడం.

అల్లాహ్ మన నియ్యత్‌ను శుద్ధి చేయుగాక, మీ దానాలను స్వీకరించుగాక, రోగుల పక్కన మేల్కొని ఉన్న ప్రతి చేతికీ బలం ఇచ్చుగాక. ఆమీన్.